బడిలో వృత్తివిద్య: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎక్కువగా మూడు వైపుల నుంచి వస్తుంటాయి. శతజయంతి సంచికకు బడి చరిత్ర రాస్తున్న ఉపాధ్యాయులు, కొత్తగా ట్రేడ్ (బడిలో నేర్పే ఒక వృత్తి కోర్సు) మంజూరైన హెడ్మాస్టర్లు, పదో తరగతి అయ్యాక పిల్లల్ని ఒకేషనల్‌లో చేర్చాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు. విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని ప్రభుత్వ, జిల్లా పరిషత్, పురపాలక బళ్లను మనసులో పెట్టుకుని జవాబులు రాశాం.

ఒకేషనల్, ఐటీఐ, పాలిటెక్నిక్ అన్నీ ఒకటేనా?

కాదు. ఒకేషనల్ అంటే మామూలు బడిలోనో జూనియర్ కాలేజీలోనో మిగతా చదువుతో పాటు నేర్పే వృత్తి. ఐటీఐ కార్మిక శిక్షణ వ్యవస్థలోంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని నేర్పడానికి పెట్టిన కేంద్రాలు దాని మూలం, 1950లో దానికి క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం అన్న రూపం వచ్చింది. పాలిటెక్నిక్ మూడేళ్ల డిప్లొమా, సాంకేతిక విద్యాశాఖది. ఈ మూడింటికీ బోర్డులు వేరు, సర్టిఫికెట్లు వేరు, తర్వాత వెళ్లే దారులు వేరు. ఈ పేజీ మొదటిదాని గురించే.

మన ప్రాంతపు బళ్లలోకి చేతిపని ఎప్పుడొచ్చింది?

కాగితం మీద చాలా ముందే వచ్చింది. 1854 నాటి వుడ్ నివేదిక జనానికి పనికొచ్చే చదువు కావాలంది. 1882 నాటి హంటర్ కమిషన్ ఇంకాస్త ముందుకెళ్లి, హైస్కూలు పైతరగతుల్లో రెండు పాయలు పెట్టమంది. ఒకటి యూనివర్సిటీ ప్రవేశానికి, రెండోది వ్యాపారానికీ చేతివృత్తులకూ పనికొచ్చేది. రెండో పాయలో చేరినవాళ్లు చాలా తక్కువ. సర్కారు కొలువుకి దారి మొదటిదానిలోనే ఉండేది మరి. ఈ లెక్క తర్వాతి నూటనలభై ఏళ్లలో పెద్దగా మారలేదు.

ఇక్కడ సంచికలు రాసేవాళ్లు తరచు పొరబడే సంగతి ఒకటుంది. 1850లో మద్రాసులో కళల బడి పెట్టిన అలెగ్జాండర్ హంటర్ వైద్యుడు. 1882 కమిషన్ అధ్యక్షుడు విలియం హంటర్. ఇద్దరూ వేరు మనుషులు.

ప్రభుత్వం కన్నా ముందు ఈ పని మనసుపెట్టి చేసింది జాతీయోద్యమంలోంచి పుట్టిన సంస్థలే. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యల చొరవతో 1910లో బందరులో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో వడ్రంగం, నేత, చిత్రలేఖనం తరగతి చదువుతో సమానంగా సాగేవి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఆడవాళ్ల చదువు కోసం శారదా నికేతనం నడిపారు. ఇవి సర్కారు బళ్లు కావు. కానీ తర్వాత సర్కారు బళ్లకి క్రాఫ్ట్ అంటే ఏమిటో చూసి నేర్చుకోవడానికి ఇలాంటి చోట్లే ఉన్నాయి.

వార్ధా పథకంలో రోజంతా రాట్నం తిప్పించేవారట, నిజమేనా?

రోజంతా కాదు గానీ సగానికి పైనే. 1937 అక్టోబరులో గాంధీ అధ్యక్షతన వార్ధాలో సభ జరిగింది, డాక్టర్ జాకిర్ హుస్సేన్ కమిటీ పాఠ్యప్రణాళిక తయారు చేసింది. ఆ కమిటీ వేసిన రోజువారీ పట్టిక ఇది: మూల చేతిపనికి 3 గంటల 20 నిమిషాలు; సంగీతం, చిత్రలేఖనం, లెక్కలు కలిపి 40 నిమిషాలు; మాతృభాష 40 నిమిషాలు; సాంఘిక, సామాన్య శాస్త్రాలు 30 నిమిషాలు; వ్యాయామం 10; విరామం 10. మొత్తం ఐదున్నర గంటలు, ఏడాదికి 288 పనిదినాలు. పట్టికలో ఇంగ్లీషు లేదు.

చేతిపనిని పక్కన కూర్చోబెట్టి మిగతా పాఠాలు వేరే చెప్పడం ఆ కమిటీ ఉద్దేశం కాదు. పత్తి పండే నేలతో భూగోళం, నూలు కొలతతో లెక్కలు, రాట్నం కథతో చరిత్ర చెప్పాలి. ఇది చెప్పగల ఉపాధ్యాయుడు దొరికినచోట బాగానే నడిచింది. దొరకనిచోట పిల్లలు మూడు గంటలు తకిలీ (చేత్తో తిప్పి నూలు తీసే చిన్న కదురు) తిప్పి, మిగతా రెండు గంటల్లో పాత పద్ధతిలో పాఠం వల్లె వేశారు.

మరి తకిలీ ఎందుకు పోయింది? పిల్లలకి ఇష్టం లేకనా?

ఇష్టాయిష్టాల కంటే లెక్కలే పెద్ద కారణం. ఖాదీ కొలతలో ఒక తార్ అంటే 4 అడుగుల నూలు. 160 తార్లు ఒక లట్టీ, 640 తార్లు ఒక గుండీ, అంటే దాదాపు 853 గజాలు. 20వ నంబరు నూలైతే ఒక గుండీ బరువు సుమారు 23 గ్రాములు. 30 మంది పిల్లలున్న తరగతిలో తలా ఒక గుండీ తీసినా, అది చిన్న చేతులకి రోజుల పని, చేతికొచ్చే నూలు 700 గ్రాములు దాటదు. పిల్లల పనిని అమ్మి ఉపాధ్యాయుడి జీతమన్నా రాబట్టుకోవాలన్నది మొదటి ఆశ. ఈ లెక్కతో అది కుదిరే పని కాదని కొద్ది కాలానికే తేలిపోయింది.

రెండోది సరుకు. రాట్నాలూ తకిలీలూ ఒకసారి కొంటే ఏళ్లపాటు ఉంటాయి. ఏకులు, అంటే నూలు తీయడానికి ఏకి చుట్టిన పత్తి, మాత్రం ప్రతి వారం కావాలి. సరిగా ఏకని పత్తితో, వానాకాలంలో చెమ్మ పట్టిన ఏకులతో నూలు ముడులు పడుతుంది, మాటిమాటికీ తెగుతుంది. తెగిన నూలంతా వృథా కింద రాయాలి. వృథా ఎక్కువైతే తనిఖీకి వచ్చిన అధికారి సంజాయిషీ అడుగుతాడు. దాంతో చాలామంది మాస్టార్లు పత్తిని పెట్టెలో భద్రంగా దాచి తాళం వేశారు. రిజిస్టరులో నిల్వ సరిపోయేది, పిల్లల చేతికే ఏమీ వచ్చేది కాదు.

మూడోది, మంగళగిరి, చీరాల వైపు నేతపని వాళ్ల ఇళ్లలో మగ్గం ఎలాగూ ఉంది. పడుగు, పేక, ఆసు పోయడం, కండెలు చుట్టడం పిల్లలకు ఇంట్లోనే వస్తుంది. అది రాకూడదనే వాళ్లు పిల్లల్ని బడికి పంపారు. మిగతా కులాల వాళ్లకేమో అది తమ పని కాదు. ఇద్దరికీ అక్కరలేని పనిని బడి నడపలేదు.

రాజాజీ 'కులవిద్య' పథకం మన జిల్లాలకీ వర్తించిందా?

రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చిన పథకమిది, అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. 1953 మధ్యలో పల్లెల ప్రాథమిక బళ్లలో తెచ్చారు. రోజుకి మూడు గంటలు బడి, మిగతా పూట ఇంట్లో పెద్దల పని నేర్చుకోవాలి. ఒకే గదిలో పూటకొక జట్టుని కూర్చోబెడితే ఎక్కువమందికి చదువు చెప్పవచ్చన్నది ప్రభుత్వం లెక్క. చాకలి కొడుకు చాకలిగానే, మంగలి కొడుకు మంగలిగానే ఉండిపోవాలా అన్నది ఎదురు ప్రశ్న. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. మద్రాసులో 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక పథకాన్ని ఎత్తేశారు.

అది నడిచింది కొద్ది నెలలే అయినా దాని నీడ చాలా పొడుగు. నేటికీ ఊళ్లో వృత్తివిద్య అనగానే 'మా పిల్లలకేనా ఇది, మీ పిల్లలకి కాదా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగడం న్యాయమే. ట్రేడ్ పెట్టే హెడ్మాస్టరు దగ్గర దీనికి జవాబు ఉండాలి.

మా బడి పాత కాగితాల్లో 'మల్టీపర్పస్' అని ఉంది. ఏమిటది?

1952–53లో లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్ చేసిన సిఫారసు. ఒకే హైస్కూల్లో ఏడు పాయలు ఉండాలంది: మానవీయ శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. ఏ బడీ ఏడూ పెట్టలేదు, రెండో మూడో పెట్టేవారు. దీనికి ముందే మద్రాసు ప్రభుత్వం 1948 ప్రాంతంలో హైస్కూళ్లలో ఇంజనీరింగ్, సెక్రటేరియల్, వ్యవసాయం వంటి పాయలను మొదలుపెట్టింది. అందువల్ల కోస్తా బళ్లకి ఈ ఆలోచన పూర్తిగా కొత్తేమీ కాదు.

ఈ కాలంలోనే వర్క్‌షాపులకు వేరే షెడ్లు కట్టారు. రేకుల కప్పు, ఎత్తైన కిటికీలు, గోడ వెంట బల్లలు, బల్లకి బిగించిన బెంచ్ వైస్ (పనిముక్కని కదలకుండా పట్టి ఉంచే ఇనుప పట్టు). ఇప్పుడది మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల గదో, విరిగిన బెంచీల గదో అయి ఉండవచ్చు. బల్లల అంచున నాలుగేసి బోల్టు రంధ్రాలు కనబడితే అక్కడ వైస్ ఉండేదని గుర్తు.

ఈ బళ్లు పడిపోవడానికి మూడు కారణాలు. ఇంజనీరింగ్ వచ్చినవాడు బడి జీతానికి రాడు. వచ్చినవాడికి ప్రమోషన్ దారి లేదు. సాంకేతికం చదివిన పిల్లవాడిని కాలేజీలో సైన్సు గ్రూపు పిల్లవాడితో సమానంగా చూడలేదు. 1969–70లో రాష్ట్రంలో పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్మీడియట్ పద్ధతి వచ్చేసరికి హైస్కూలు పైతరగతులే జూనియర్ కాలేజీకి తరలిపోయాయి. షెడ్లు బళ్లలోనే మిగిలాయి.

తోటపని, సబ్బుల తయారీ పీరియడ్లు ఏ పథకంవి?

కొఠారీ కమిషన్ (1964–66) 'పని అనుభవం' అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికి 'సమాజోపయోగ ఉత్పాదక పని' అని పేరు మార్చింది, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎస్‌యూపీడబ్ల్యూ. వారానికి కొన్ని పీరియడ్లు, పరీక్ష లేదు, మార్కులు నామమాత్రం. పరీక్ష లేని పీరియడ్‌ని లెక్కల మాస్టారు అడిగి తీసుకోవడం మన బళ్లలో మామూలే. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఇంటర్ ఒకేషనల్ ఎప్పుడు పెరిగింది? అనుకున్నంత ఎందుకు పెరగలేదు?

మాల్కం ఆదిశేషయ్య కమిటీ 1978లో ప్లస్‌టూ స్థాయిలో వృత్తివిద్యకు బాట వేసింది. 1986 జాతీయ విద్యావిధానం 1990 కల్లా ఆ స్థాయి విద్యార్థుల్లో 10 శాతం, 1995 కల్లా 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలని లక్ష్యం పెట్టింది. 1988లో కేంద్రం డబ్బుతో పథకం మొదలైంది. 1992లో గడువుల్ని 1995కీ 2000కీ జరిపారు. దేశం మొత్తమ్మీద ఆ లక్ష్యం దరిదాపుల్లోకి కూడా పోలేదు.

మన రాష్ట్రం మిగతా చాలా రాష్ట్రాల కంటే నయం. ఇంటర్ బోర్డు కిందే ఒకేషనల్ పెట్టడంతో సర్టిఫికెట్‌కి విలువ దక్కింది. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, అకౌంటింగ్ అండ్ టాక్సేషన్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్, ఆటోమొబైల్, పంటల ఉత్పత్తి, పాడి, పట్టు, చేపల పెంపకం దాకా కోర్సులు వచ్చాయి. ఇక్కడా పాత జబ్బు ఇదే: పరికరాలకు మొదటి ఏడాది డబ్బు వచ్చింది, రసాయనాలకీ స్లైడ్లకీ వైర్లకీ ఏటా రావలసిన డబ్బు రాలేదు. చెప్పేవాళ్లు కాంట్రాక్టు మీద, గంటల లెక్క మీద వచ్చారు. మైక్రోస్కోపు బీరువాలో ఉండి, స్టెయిన్ సీసా ఎండిపోయిన ల్యాబులో పిల్లలు రక్తపరీక్షని బొమ్మ గీసి నేర్చుకుంటారు.

అమెరికాలో, జర్మనీలో బాగా నడిచింది కదా, అక్కడ ఏం చేశారు?

అమెరికాలో 1917 ఫిబ్రవరిలో వచ్చిన స్మిత్–హ్యూస్ చట్టాన్ని చదవండి. ఫెడరల్ ప్రభుత్వం డబ్బుని ముఖ్యంగా వ్యవసాయం, పారిశ్రామిక వృత్తులు, గృహశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుల జీతాలకూ, అలాంటి ఉపాధ్యాయుల్ని తయారుచేయడానికీ ఇచ్చింది. ఆ సొమ్ముకి సమానంగా రాష్ట్రం, స్థానిక సంస్థలు కూడా వేయాలి. అంటే మొదటి రూపాయి మిషన్‌కి కాక మనిషికి వెళ్లింది. మనం ఎక్కువగా తిరగేసి చేశాం. వాళ్ల పద్ధతిలో మచ్చ లేదని కాదు. పేద పిల్లల్నీ నల్లజాతి పిల్లల్నీ ఆ పాయలోకే నెట్టేస్తున్నారన్న ఆరోపణ అక్కడా మొదట్నుంచీ ఉంది.

జర్మనీలో కెర్షన్‌స్టైనర్ 1900 తర్వాత మ్యూనిక్‌లో పనిలో ఉన్న కుర్రాళ్లకి వృత్తి వారీగా బళ్లు పెట్టాడు. కుర్రవాడు యజమాని దగ్గర పని చేస్తూ బడికి వస్తాడు. అది బడి ఒక్కటే చేయగల పని కాదు.

2020 జాతీయ విద్యావిధానంలో ఉన్న అంకెల్ని చాలామంది ఎత్తి రాస్తుంటారు: 19–24 ఏళ్ల వాళ్లలో వృత్తి శిక్షణ పొందినవారు మనదేశంలో 5 శాతం లోపు, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. మన 5 శాతంలో ఆటోనగర్‌లో మేస్త్రీ దగ్గర పదేళ్లు పని నేర్చినవాడు లేడు, కాగితం ఉన్నవాడే లెక్క. దాన్ని గుర్తుపెట్టుకుని చదవాలి.

ఇప్పుడు 9, 10 తరగతుల్లో వస్తున్నది ఏ పథకం? ఎన్ని గంటలు?

2013 డిసెంబరులో నోటిఫై అయిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కింద, 2018 నుంచి సమగ్ర శిక్ష అనే బడుల పథకం డబ్బుతో నడుస్తున్నది. ఆ చట్రం తొలి లెక్కలో 9వ తరగతి 1వ స్థాయి, 10వ తరగతి 2వ స్థాయి, ఇంటర్ రెండేళ్లు 3, 4 స్థాయిలు. భోపాల్‌లోని కేంద్ర వృత్తివిద్యా సంస్థ పాఠ్యప్రణాళిక ప్రకారం హైస్కూలు తరగతికి ఏడాదికి సుమారు 200 గంటలు. అందులో ఒక భాగం ఏ ట్రేడ్‌కైనా ఒకటే: మాట్లాడే తీరు, తన పని తాను చూసుకోవడం, కంప్యూటరు, స్వయం ఉపాధి, పర్యావరణం. రెండో భాగం ట్రేడ్.

పీరియడ్లు వేసేటప్పుడు అందరూ చేసే పొరపాటు రోజుకొక 40 నిమిషాల పీరియడ్. సామాను తీయడానికి పది, సర్దడానికి పది నిమిషాలు పోతే పని చేయడానికి ఇరవై మిగులుతుంది. థియరీకి ఒంటి పీరియడ్ వేసి, ప్రాక్టికల్‌కి వారంలో రెండుసార్లు వరుసగా రెండేసి పీరియడ్లు కలిపి వేయండి. మధ్యాహ్నం మొదటి రెండు పీరియడ్లైతే భోజన విరామంలోనే ట్రైనర్ సామాను సిద్ధం చేసుకోగలుగుతారు.

ట్రేడ్ మంజూరైంది. ల్యాబ్ పెట్టేముందు ఏం చూసుకోవాలి?

మొదట ఊరు చూడండి. పిల్లవాడు సైకిల్ మీద వెళ్లగలిగేంత దూరంలో ఆ పని చేసేవాళ్లు పదిమందన్నా ఉండాలి. విజయవాడ తూర్పు వైపు బళ్లకి ఆటోమొబైల్ అయితే ఆటోనగర్ ఉంది. గుంటూరు చుట్టుపక్కల వ్యవసాయం ట్రేడ్‌కి లాం పరిశోధన కేంద్రం, మిర్చి యార్డు ఉన్నాయి. క్షేత్ర సందర్శనకి వంద కిలోమీటర్లు పోవలసిన ట్రేడ్‌లో సందర్శన కాగితం మీదే జరుగుతుంది.

తర్వాత గది. 30 మంది ఒకేసారి పనిచేయలేరు, 15 చొప్పున రెండు జట్లు చేయండి. ఒక జట్టు పని చేస్తుంటే రెండో జట్టు పక్కనే రికార్డు రాసుకుంటుంది.

కుట్టుపని ట్రేడ్‌లో ఇద్దరికొక మిషన్ చాలు. మొదటి నెల దారం లేకుండా పాత న్యూస్‌పేపర్ మీద గీతల వెంట కుట్టించండి. కాలికీ చేతికీ పొత్తు కుదిరేది అప్పుడే. తర్వాత కోరా గుడ్డ. తలకి ఏడాదికి 3–4 మీటర్లు అనుకుంటే 30 మందికి సుమారు 100 మీటర్లు. ఈ 100 మీటర్ల గుడ్డ ఎవరు కొంటారో తేలాకే మిషన్లు విప్పండి. సూదులు మామూలు నూలు గుడ్డకి 14వ నంబరు, పలచటి గుడ్డకి 11, మందానికి 16. కుట్టు కింద దారం గుత్తుగా పోగుపడితే పిల్లలు బాబిన్‌ని అనుమానిస్తారు, నూటికి తొంభైసార్లు తప్పు పైదారం ఎక్కించడంలోనో దాని బిగువులోనో ఉంటుంది. కుట్లు తప్పిపోతుంటే సూది వంగిందో, తిరగేసి పెట్టారో చూడండి. వేసవి సెలవులకు ముందు ప్రతి మిషన్‌కి పలచటి మిషన్ ఆయిల్ వేసి, ఒక గుడ్డముక్క కుట్టి, అది పాదం కింద ఉండగానే వదిలేయండి. మిగిలిన నూనెని అది పీల్చుకుంటుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. జూన్ నాటికి జిగురుగా గడ్డకట్టి చక్రం తిరగదు. బళ్లలో 'పాడైపోయిన' మిషన్లలో చాలావాటి రోగం ఇదే, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి మళ్లీ నూనె వేస్తే తిరుగుతాయి.

ఎలక్ట్రికల్ ట్రేడ్‌లో మొదట తయారు చేయించాల్సింది సిరీస్ టెస్ట్ ల్యాంప్ బోర్డు. 100 వాట్ల పాత తరహా ఫిలమెంట్ బల్బుని ఒక సాకెట్‌తో వరుసగా కలుపుతారు. పరీక్షించే వస్తువుని సాకెట్‌లో పెడితే బల్బు నిండుగా వెలిగితే షార్ట్, అసలు వెలగకపోతే లోపల తీగ తెగింది, మందంగా వెలిగితే వస్తువులోంచి కరెంటు పోతోంది. ఇక్కడ ఎల్ఈడీ బల్బు పనిచేయదు, అందుకని ఫిలమెంట్ బల్బులు దొరికినప్పుడే డజను కొనిపెట్టుకోండి. ఆ తర్వాత ఒక స్విచ్ ఒక ల్యాంప్, దాని తర్వాత రెండు టూవే స్విచ్‌లతో మెట్ల వైరింగ్. బోర్డు మీద మెట్ల వైరింగ్‌కి తలకి 4–5 మీటర్ల వైరు పడుతుంది, అంటే 30 మందికి 90 మీటర్ల చుట్టలు రెండు. అదే వైరుని విప్పి రెండు మూడుసార్లు వాడవచ్చు, ప్రతిసారీ కొసలు కత్తిరించాలి కాబట్టి పొడుగు తగ్గుతూ వస్తుంది. ల్యాబ్‌కి వచ్చే లైను మీద 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనుని వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా, ఎర్త్ పరీక్షించకుండా పిల్లలు స్విచ్ ముట్టుకోకూడదు. పాత బడి భవనాల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, పై రంధ్రానికి వెనక తీగే ఉండదు.

వడ్రంగం ఉన్నచోట రంపం, ఉలి, చిత్రిక, మూలమట్టం తలా ఒకటి అక్కర్లేదు గానీ పదునుపెట్టే సానరాయి మాత్రం ఇద్దరికొకటి ఉండాలి. మొద్దు ఉలితో ఎక్కువ బలం వేస్తారు, జారినప్పుడు చెయ్యి తెగేది అందుకే.

ట్రైనర్ మధ్యలో మానేస్తే?

చాలాచోట్ల ట్రైనర్లని శిక్షణ సంస్థల ద్వారా ఏడాది ఒప్పందం మీద పెడతారు, కాబట్టి ఇది వచ్చే కష్టమే. స్టాక్ రిజిస్టరు ట్రైనర్ దగ్గర కాక బడి ఉపాధ్యాయుల్లో ఒకరి దగ్గర ఉండాలి. చేయించిన ప్రతి జాబ్‌కి, అంటే ఒక్కో ప్రాక్టికల్ పనికి, పిల్లల రికార్డులో తేదీ, సంతకం ఉంటే కొత్త ట్రైనర్ ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుంది. చివరి మూల్యాంకనానికి బయటివాళ్లు వచ్చినప్పుడు అడిగేది కూడా ఆ రికార్డే.

ఒకేషనల్ ఇంటర్ చదివితే డిగ్రీకి దారి మూసుకుపోతుందా?

మూసుకుపోదు, కానీ ముందే చూసుకోకపోతే ఒక ఏడాది పోతుంది. బీఏ, బీకాం వైపు ఇబ్బంది తక్కువ. బీఎస్సీకి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) మార్గంలో వచ్చే కోర్సులకి, చదవని సబ్జెక్టుల లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాసి పాసవ్వాలి. ఏ ట్రేడ్‌కి ఏ బ్రిడ్జి సబ్జెక్టు ఉందో మొదటి ఏడాది చేరేటప్పుడే కాలేజీలో కాగితం చూపించమనండి. సంబంధిత ట్రేడ్ అయితే డిప్లొమా రెండో ఏడాదిలోకి నేరుగా చేరడానికి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకి జాతీయ మండలి) నిబంధనలు ఒప్పుకుంటాయి.

ఇంటర్ మార్కుల పద్ధతిలో ఏడాదికి 500: ఇంగ్లీషు 50, జనరల్ ఫౌండేషన్ 50, మూడు ఒకేషనల్ పేపర్లకి థియరీ 150, ప్రాక్టికల్ 150, ఆన్ ది జాబ్ ట్రైనింగ్‌కి 100. ఆ చివరి వందే అసలు సంగతి. నిజంగా వర్క్‌షాపుకో ఆస్పత్రికో వెళ్లి పనిచేసినవాడికి అదే చదువు. సంతకం పెట్టించుకుని ఇంట్లో కూర్చున్నవాడికి మార్కులు వస్తాయి, పని రాదు. చేరే ముందు పోయినేడాది పిల్లలు ఎక్కడికి ట్రైనింగ్‌కి వెళ్లారో అడిగి, ఆ చోటికి ఒకసారి వెళ్లి చూడండి.

కోర్సు అయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ప్లస్‌టూ ఒకేషనల్ వాళ్లని కూడా అందులో చేర్చారు. ల్యాబ్ టెక్నీషియన్ చదివినవాళ్లు ఆస్పత్రిలో శిక్షణ పూర్తిచేసి పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకోవడం మరిచిపోకూడదు. ఉద్యోగ ప్రకటనల్లో మొదట అడిగేది ఆ నమోదే.

డ్రాయింగ్, టైలరింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ఇందులో భాగమా?

వేరు. అవి ప్రభుత్వ పరీక్షల విభాగం నడిపే సాంకేతిక పరీక్షలు. అవి పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పొందినవాళ్లే క్రాఫ్ట్, డ్రాయింగ్ టీచర్లుగా వచ్చేవారు. టైపు, షార్ట్‌హ్యాండ్ పరీక్షలు సాంకేతిక విద్యా బోర్డువి. ఇంగ్లీషు టైపు లోయర్‌కి నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కి 45.

మా బడిలో క్రాఫ్ట్ చరిత్ర రాయాలి. కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

బడి బీరువాతోనే మొదలుపెట్టండి. ముందు పాత స్టాక్ రిజిస్టర్లు. రాట్నాలు, నాడెలు, చిత్రికలు ఏ ఏడాది వచ్చాయో అందులో ఉంటుంది. తర్వాత జీతాల అక్విటెన్స్ రోల్, అంటే జీతం అందుకున్నట్టు సంతకాలు పెట్టే పుస్తకం. క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ అన్న హోదా ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిపోయిందో చూస్తే కోర్సు ఎన్నాళ్లు నడిచిందో తెలిసిపోతుంది. ఆ తర్వాత తనిఖీ అధికారులు రాసిన లాగ్ బుక్. వాళ్లు మొహమాటం లేకుండా రాసేవారు.

తేదీ లేని కాగితం దొరికితే ధరలు చూడండి. అణాల్లో ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్‌కి ముందుది, నయాపైసలుంటే ఆ తర్వాతది. వీశెలు, శేర్లు పోయి కిలోలు వచ్చింది 1960 అటూ ఇటూ.

యాజమాన్యం పేరు కూడా కాలం చెబుతుంది. జిల్లా బోర్డు హైస్కూల్ అని ఉంటే 1959 నాటి పంచాయతీరాజ్ చట్టానికి ముందుది, జిల్లా పరిషత్ అంటే ఆ తర్వాతది. ఇక జిల్లా ఏదో జాగ్రత్త. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకుముందు కాగితాలు కృష్ణా, నెల్లూరు జిల్లాల కింద ఉంటాయి. చీరాల, ఒంగోలు వైపు బళ్లు 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లాయి, 1972లో దాని పేరు ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్‌లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి కేంద్రమైంది, గుంటూరులోంచి పల్నాడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోంచి బాపట్ల విడిపోయాయి. విజయవాడ బడి పాత దస్త్రం కోసం బందరు వెళ్లాల్సి రావచ్చు.

బయట అయితే మద్రాసు ప్రభుత్వ కాలపు వార్షిక విద్యా నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పాత తెలుగు పత్రికలకి వేటపాలెం సారస్వత నికేతనం, 1918లో పెట్టిన గ్రంథాలయం, మన దగ్గర్లోనే ఉంది.

రిటైరైన క్రాఫ్ట్ మాస్టార్లని అడిగేటప్పుడు 'బాగా నడిచిందా' అని అడగకండి. సరుకు ఎవరు తెచ్చేవారు, తయారైనవి ఎక్కడికి పోయేవి, ఏ నెలలో పని ఆగేది అని అడగండి. చరిత్ర ఆ జవాబుల్లోంచే వస్తుంది.

పాత వర్క్‌షాపు సామాను తుప్పుపట్టి ఉంది. పాత ఇనుము వాడికి అమ్మేయవచ్చా?

నేరుగా అమ్మకూడదు. ముందు స్టాక్ రిజిస్టరు పట్టుకుని ఒక్కో వస్తువుని సరిపోల్చి మూడు కుప్పలు చేయండి: పనికొచ్చేవి, బాగుచేస్తే పనికొచ్చేవి, పనికిరానివి. మూడో కుప్పకే పనికిరాదని జాబితా రాసి పై అధికారికి పంపి, అనుమతి వచ్చాక వేలం వేసి, సొమ్ము జమచేసి, రిజిస్టరులో ఆ వరుసని అనుమతి నంబరుతో కొట్టేయాలి. రిజిస్టరులో ఉండి గదిలో లేని వస్తువుల్ని ఈ జాబితాలో కలిపేయకండి. వాటికి వేరే వివరణ రాయాలి, లేకపోతే ఆ లోటు మీ తలమీద పడుతుంది.

మొదటి రెండు కుప్పల విషయంలో తొందరపడకండి. పాత బెంచ్ వైస్‌లు, రంపాలు పైన తుప్పు కనిపించినా లోపల గట్టివి. కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి వైరు బ్రష్‌తో రుద్ది, గ్రీజు రాస్తే వైస్ మర తిరుగుతుంది. చిత్రిక ఆకు నల్లబడినా సానపడితే పదును వస్తుంది, చెక్క దిమ్మె పురుగు తిని ఉంటేనే మార్చాలి. మగ్గం చెక్కలు, అచ్చులు, నాడెలు దొరికితే మంగళగిరిలో నేతవాళ్లకి చూపించండి. ఏ భాగం ఏదో వాళ్లు చెబుతారు. రాట్నాలు, తకిలీలు బడి పెట్టిన ఏడాదివే అయితే ఒకటి రెండు విడిగా తీసి, ఏ రిజిస్టరులో ఏ పేజీ నంబరుదో చీటీ కట్టి ఉంచండి.